హాజరు పుస్తకం

ఒంటెద్దు బండి. ముందు కసువు తొట్టి,
వెనక మూత సరిగా పడని పీపా.
గంట వినబడితే మా వీధి ఆడవాళ్లు
బిందెల మీద కొంగు కప్పి
మొగం అటు తిప్పుకునేవాళ్లు.
దొడ్డిగోడ అడుగున జానెడు రేకు తలుపు.
దాన్ని తీసేది ఆమె ఒక్కతే,
బయటినుంచే.

ఆ ఏడు కర్నూలు రాజధాని.
డేరాల్లో కచేరీలు, డేరాల్లో గుమాస్తాలు,
మా వసారాలో సైతం ముగ్గురు అద్దెకు.
ఊరు ఉబ్బింది గానీ
బండ్లు అవే ఏడు, చీపుర్లు అవే.
హంద్రీ ఒడ్డున దిబ్బ మాత్రం
మా బడిగోడను దాటి పెరిగింది.

మా నాయన మున్సిపాలిటీలో హాజరు రాసేవాడు.
రాత్రి లాంతరు ముందర
ఎర్రసిరా గీతలు కొడుతుంటే
పక్కన కూర్చుని చదివేదాన్ని:
ఎద్దు. పేరు లింగడు. పుల్ల రంగు, ఎడమకొమ్ము వంకర.
దినానికి ఉలవలు సేరున్నర.
గిట్ట వాచినందున మూడు దినాలు విశ్రాంతి, మేత యథాప్రకారం.
దాని కింద,
సుంకులమ్మ. నాలుగో లైను. జ్వరం, రెండు దినాలు.
గైరుహాజరు. కోత రూపాయి పావలా.

"ఎద్దుకైతే మేత కొయ్యలేదే నాయనా?"
"ఎద్దును దుడ్డు పెట్టి కొన్నారు పాపా" అన్నాడు.
సిరాబుడ్డి మూత పెట్టాడు.

ఎండాకాలం ఒకనాడు
బండి మా దొడ్డి వెనక ఆగింది. ఆమె దోసిలి పట్టింది.
ఎంత ఎత్తునుంచి పొయ్యాలని అవ్వ నేర్పిందో
అంత ఎత్తునుంచే పోశాను.
సగం నీళ్లు మోచేతుల మీదుగా మట్టిలోకి.
"ఇంకా పోద్దునా సుంకులమ్మా?"

నవ్వింది.
"సుంకులమ్మ మా అత్త పాపా.
గత్తరొచ్చి పోయి ఆరేండ్లాయె.
పేరు మారిస్తే పని పోతాదన్యాడు మేస్త్రీ.
పిలిస్తే పలుకుతాండా."

మరి నీ పేరు?
లింగడు కదిలాడు. ఆమె పగ్గం అందుకుంది.
గంట.

ఆ రాత్రి నాయన ఆ గడిలో
'హా' అని గుండ్రంగా రాశాడు.
నేను నోరు మెదపలేదు.
చెబితే కోత ఎవరికి పడేదో
అప్పటికే నాకు లెక్క వచ్చు.

మూడేండ్లకు డేరాలు పీకేశారు.
రాజధాని హైదరాబాదు దోవ పట్టింది.
గుంజలు పాతిన గుంతల్లో మిగిలిన
కార్బన్ కాగితాలు, ఎండిన ఇస్తరాకులు, విరిగిన పాళీలు
నాలుగు దినాలు వంగి ఎత్తింది ఆమె.

హాజరు సుంకులమ్మకు పడింది.