రెండు సెంటీమీటర్ల బెండు

గిల్వినెక్ రేవులో బూట్లు బాగుచేసేవాణ్ణి.
నలభై ఏళ్లుగా మనుషులు నాకు
కింది నుంచి పైకి తెలుస్తారు.

మొహం తర్వాత. ముందు మడమ.
బయటి అంచు ఒక్కటే అరిగితే
తుంటిలో ఏదో సర్దుకోలేదని,
వేళ్ల దగ్గర తోలు గీసుకుపోతే
కాలు ఎత్తడం లేదు, ఈడుస్తున్నారని,
డాక్టరు ఫోటో తీసి చెప్పే మాట
నోట్లో మేకులు పెట్టుకునే చెప్పేస్తాను.

మా బ్రెతాన్ మూలలో ఆడవాళ్లకు ఇది పాతది.
తొడ ఎముక తలకాయ పుట్టుకతోనే
గిన్నెలో కుదురుగా కూర్చోదు,
గడప దగ్గర నిలబడ్డ చుట్టంలా
లోపలికీ రాదు, వెళ్లనూ పోదు.
మా అమ్మమ్మకుంది. పెద్దమ్మకుంది.
అది జబ్బని చిన్నప్పుడు నాకు తెలియదు,
ఆడవాళ్ల నడకే అంత అనుకున్నాను.
రెన్ నుంచి కొత్త టీచరమ్మ వచ్చి
బడి వాకిట్లో నిటారుగా నడిస్తే
పాపం ఈవిడకి ఏమైందని ఇంట్లో అడిగాను.

తల మీద జానెడున్నర లేసు టోపీ,
గంజి పెట్టి నిలబెట్టింది.
నడుము దగ్గర వేలెడు ఒరిగితే
పైన లేసు మూరెడు ఊగేది.
ఆదివారం చర్చి వదిలాక
గాలి లేని రోజున కూడా
వీధి నిండా తెరచాప కొయ్యలు.

కొరాంతిన్ కెర్లోక్
సార్డీన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు నిలబడింది.
కుడికాలు రెండు సెంటీమీటర్లు పొట్టి.
ఏటా అక్టోబరులో ఆ బూటుకి
బెండు అతికించి కొత్త అడుగు వేసేవాణ్ణి.
ఆమె అడుగులన్నీ నేను వేసినవే,
ఈ మాటంటే నవ్వేది.

మొదట్లో అది నొప్పి లేని ఊపు, పడవ ఊపు.
యాభై దాటాక నొప్పి వచ్చింది.
అప్పుడిక కుడికాలు నేలను ముట్టుకునేది
కాలే పెనాన్ని వేలితో చూసినట్టు.
బరువంతా ఎడమకాలి దగ్గర అప్పు.
ఎడమ మోకాలు వడ్డీ కట్టింది.
రాళ్ల వీధిలో ఆమె వస్తుంటే
టక్, చిన్నగా తుక్,
మళ్లీ పెద్ద టక్.
తలెత్తకుండానే "బాగున్నావా కొరాంతిన్" అనేవాణ్ణి.

మే నెలలో కెంపేర్ ఆస్పత్రిలో ఉక్కు తుంటి పెట్టారు.
ఆగస్టులో కర్రతో వచ్చి
బూటు బల్ల మీద పెట్టింది.
"బెండు తీసెయ్ జాకెజ్. సమానం చేశారట."

తీశాను.
పాత జిగురు పొరలుగా లేచింది, ఉల్లిపాయలా.
తొడుక్కుని, కర్ర నాకిచ్చి,
గుమ్మం దాకా నడిచింది.

ఒరిగింది.
ఏ కాలూ పొట్టి కాదు, ఎక్కడా నొప్పి లేదు,
అయినా భుజం కుడికి వెళ్లి వచ్చింది,
పగలగొట్టేసిన మెట్టు కోసం
చీకట్లో కాలు ఎత్తినట్టు.

"కండకి ఇంకా కబురు అందలేదు," అంది.
"అద్దం ముందు నడవమన్నారు.
నడుస్తుంటే అద్దంలో మా అమ్మ వస్తోంది.
ఆవిణ్ణి నేనెట్లా సరిచెయ్యను?"

నా దగ్గర జవాబు లేదు.
మడమకి రెండు మేకులు ఊరికే కొట్టి
డబ్బులు వద్దన్నాను.

ఫిబ్రవరిలో, వాన వెలిసిన పొద్దున,
ఎవరో కొట్టు ముందు నుంచి వెళ్లారు.
టక్ టక్ టక్ టక్.
ఈ ఊరి మనిషి కాదనుకుని తోలు కోస్తున్నాను.
అడుగులు ఆగాయి, వెనక్కి తిరిగాయి.
"పలకవేం? అంత గొప్పవాడివయ్యావా?"

తోపుడుబండిలో మనవరాలు, రెండు నెలలది.
మెత్తటి పట్టీలు కట్టి కాళ్లు విడదీసి పడుకోబెట్టారు,
ఎండలో వెల్లకిలా పడ్డ కప్పలా.
"మూడు నెలలు ఇట్లా ఉంచితే
గిన్నెలో కుదురుకుంటుందట," అంది.
పాప అరికాళ్లు చూశాను.
ఇంకా ఏ నేలా రాయలేదు వాటి మీద.
ఈ పిల్ల బూట్లలో నేను చదవడానికి ఏమీ ఉండదేమో.
ఉండకూడదు కూడా.

ఆ బెండు ముక్క పారెయ్యలేదు.
నా పనిబల్ల కాలొకటి ఎప్పటినుంచో కుంటుతుంటే
దాని కింద తోశాను.
ఊపు ఆగింది, కానీ ఎత్తు ఎక్కువైంది.
ఇప్పుడు మేకులన్నీ
నా ఒళ్లోకి దొర్లుతున్నాయి.