డ్రాయింగులో లేని లైను

పాత పోస్టాఫీసు వెనక సందులో
నాలుగంతస్తుల స్టీవడోరు కంపెనీ ఆఫీసు.
మూడేళ్లు తాళం. ఇప్పుడు మా చేతికొచ్చింది,
పాత వైర్లు పీకి కొత్తవి లాగడానికి.

గోడ తడితే ఇసుక రాలుతుంది,
పెదవికంటితే ఉప్పన.
సముద్రపు గాలి ముందు ఇనుమును తింటుంది,
తర్వాత ఇనుమును నమ్ముకున్న సిమెంటును.
స్విచ్చిబోర్డు విప్పితే లోపల
బల్లిగుడ్లు, ఆరిన బీడీ ముక్క,
డెబ్బై ఎనిమిది నాటి పెన్సిలు రాత:
బాకీ రూ. పద్దెనిమిది.
ఎవరు ఎవరికో.

ఆర్కిటెక్టు తన్వి గారు చెబుతూ నడుస్తున్నారు.
క్యాష్ కౌంటరు కాఫీ కౌంటరవుతుంది.
కలాసీల కూలిడబ్బులు తోసిన ఇత్తడి కిటికీని మాత్రం
బ్రాసో పెట్టి తోమి, పైనొక చిన్న లైటు పెట్టి ఉంచేస్తారు.
రికార్డు రూములో పద్నాలుగు బల్లలు.
మేనేజరు గదిలో మంచం, తెల్ల దుప్పటి.
డాబా మీద బారు.
అక్కణ్నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌసు కనిపిస్తుంది,
దానొక్కదానికే మేం వైరింగ్ చెయ్యక్కర్లేదు.

"మొత్తం హాస్పిటాలిటీ" అన్నారావిడ.
వాచ్‌మన్ కూర్మారావుకి ఆస్పత్రి అని వినపడింది.
"ఎవులికేటయ్యింది బావూ?"
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను.

మధ్యాహ్నం కేరేజీ విప్పాక
కవ్వళ్ల ముల్లు తీసుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.
హుద్‌హుద్ నాడు
అద్దాలన్నీ అప్పడాల్లా విరిగిపోతే
గేటు తీసేశాడట, ఎవర్నీ అడక్కుండా.
అడగడానికి ఫోన్లేవి?
రిక్షావాళ్లు, కోటవీధి ముసలమ్మలు,
డోళ్లు తడిసిన బ్యాండుమేళం, ఒక మేక.
ఫైళ్లు కిందికి దించేసి
ఓడలో బెర్తుల్లో పడుకున్నట్టు ర్యాకుల్లో పడుకున్నారు.
టీబడ్డీ నూకరత్నం మెట్ల మలుపులో మూడిటుకలు పెట్టి
తొంభై మూడు నాటి ఓచర్లు మంటేసి
గంజి కాచింది.
"సంతకాలున్న కాయితం బాగా మండతాది."

తర్వాత మేనేజరు మెమో ఇచ్చాడు,
ఓచర్లు కాల్చినందుకు.
గంజి మాట అందులో లేదు.

ఆ మలుపులో మసి ఇంకా ఉంది,
రెండు పూతల సున్నం కింద నుంచి ఊరుతూ.
తన్వి గారు వేలితో రుద్ది
"సీపేజా?" అన్నారు.
చెప్పొచ్చు.
చెబితే దాని చుట్టూ ఫ్రేము కడతారు,
పక్కన రెండు వాక్యాల కథ,
మెనూలో గంజి, నూట ఎనభై రూపాయలు.
"పొగండి" అన్నాను. "పాత పొగ."

డ్రాయింగులో ఆ మలుపుకి లైటు లేదు.
సాయంత్రం అందరూ దిగిపోయాక
మిగిలిన ముక్కలు అతికి ఒక లైను లాగాను,
కరెంటు పోయినా వెలిగేలా ఇన్వర్టరుకి కలిపాను.
స్విచ్చి పాతదే, నల్ల బేకలైటుది.
గేటు పక్కన, కూర్మారావు చెయ్యి
చీకట్లో తడుముకోకుండా వెళ్లే ఎత్తులో.

కొత్త స్టాఫుకి యూనిఫాం కొలతలు తీసుకున్నారు.
అతన్నింకా ఎవరూ పిలవలేదు.

ఆ లైను బిల్లులో వెయ్యలేదు.