ఉండలు

రాగిజావ కలిపేటప్పుడు అమ్మ అనేది:
"చెయ్యి ఆపకే, ఉండలు కడుతుంది."
ఇరవయ్యేళ్ళుగా నాకు జీతం
ఉండలు కట్టిందా లేదా అని చూసినందుకే.

నవంబరు. ఎగ్మూరు స్టేషను వెనక
మోకాలి లోతు వాన.
కిటికీ కింద ఆగిపోయిన ఆటోలో
నీళ్ళే సవారీ.
రాత్రి ఒంటిగంటకి ఒక చిన్న సీసా వచ్చింది,
ఇంకా గోరువెచ్చగా, చీటీ తడిసి:
మునిలక్ష్మి, ముప్పై ఒకటి, గుమ్మిడిపూండి,
మూడో కాన్పు,
హిమోగ్లోబిన్ అయిదు పాయింట్ రెండు.
"సీక్రం సిస్టర్, సీక్రం" అంటాడు ఫోన్లో చిన్న డాక్టరు.
నేను సిస్టర్ని కాను. చెప్పే టైము లేదు.

బి పాజిటివ్.
స్క్రీనింగు కణాలు మూడూ నోరు మెదపలేదు.
రెండు బ్యాగులతో జోడీ చూశాను.
ట్యూబు వంచితే అడుగున ఎర్రటి బొత్తాం
పొగలా లేచి సాఫీగా కలిసిపోయింది.
సంతకం పెట్టి పంపెయ్యొచ్చు.
పెన్ను మూత తీశాను కూడా.

అప్పుడు తలుపు దగ్గర ఆమె అత్త,
చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ,
"ఎక్కడికెళ్ళినా ఇది చూపించమన్నారమ్మా" అంది.
రేషన్ కార్డు కవర్లో
నాలుగు మడతల గులాబీరంగు అట్ట.
నెల్లూరు. తొమ్మిదేళ్ళ కిందటిది. రెండో కాన్పప్పటిది.
పాకిపోయిన సిరాలో:
కిడ్-ఏ యాంటీబాడీ. జాగ్రత్త.
జాగ్రత్త కింద రెండు గీతలు.
ఎవరో, నాలాంటిదే, నా వేళప్పుడే గీసుంటుంది.

కిడ్ అంటే ఎప్పుడో ఏ దేశంలోనో
ఒక బాలింత ఇంటిపేరు.
కెల్, డఫీ, లూయిస్, నా బల్ల మీద అన్నీ ఇంటిపేర్లే.
పెళ్ళిళ్ళ పేరయ్యని నేను.
కులమడగను, ఊరడగను,
ఏ ఇంటిపేరుతో పొసగదో అదొక్కటే అడుగుతాను.

ఈ కిడ్‌ది దొంగబుద్ధి.
కెల్ అయితే వీధిలోకొచ్చి అరుస్తుంది.
ఇది ముఖాన్ని గుర్తుపెట్టుకుని
లోపలి గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంటుంది.
ఏళ్ళు గడిస్తే ఏ పరీక్షకీ పలకదు.
మళ్ళీ ఆ రక్తం గుమ్మం తొక్కిందా,
వారం పదిరోజుల్లో లేస్తుంది,
ఎక్కించినదంతా చీల్చి
మూత్రాన్ని డికాషను చేసి పెడుతుంది.

డాక్టరుకి ఫోన్ చేశాను: "గంటన్నర ఆగాలి."
"ఆమె ఆగాలిగా" అన్నాడు.
అదీ నిజమే. ఆలస్యమూ చంపుతుంది.

పదకొండు కణాల పానెల్ తీశాను.
బొప్పాయి పాల ఎంజైముతో కడిగాను.
కడుపుతో ఉన్నదాని కంట
బొప్పాయి పడనివ్వరు మా ఇళ్ళల్లో;
ఇవాళ ఆ పాలే దీని నోరు విప్పించాలి.
ముప్పై ఏడు డిగ్రీలు. పదిహేను నిమిషాలు.
ఫ్లాస్కులో కాఫీ ముట్టలేదు.
గడియారం ముల్లుని మాత్రం తిట్టాను.

నాలుగో ట్యూబు నునుపు.
ఏడోది వంచాను, మళ్ళీ వంచాను,
దీపం దగ్గరికి తెచ్చాను.
నూకంత కూడా కాదు, ఇసుక నలుసంత.
తొమ్మిదోదీ అంతే.
కాగితంతో సరిచూస్తే ఆ రెండు కణాలకే
కిడ్-ఏ తల్లి నుంచీ వచ్చింది, తండ్రి నుంచీ వచ్చింది.
ఒంటి మోతాదుకి మూగనోము పట్టినది
జంట మోతాదు దగ్గర గొణిగింది.
"ఉన్నావే" అన్నాను పైకే.

ఫ్రిజ్‌లో పద్నాలుగు బి పాజిటివ్‌లు.
ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే కిడ్-ఏ లేనివి మూడు.
ఒకటి అంబత్తూరు ఫ్యాక్టరీ శిబిరంలో ఇచ్చినది.
ఎవరబ్బాయో. సాయంత్రం షిఫ్టుకి ముందు
బిస్కెట్ తిని వెళ్ళిపోయి ఉంటాడు.

మూడూ పైకి వెళ్ళాక అత్త ఇంకా అక్కడే ఉంది.
"మా కోడలి నెత్తురు మంచిది కాదా అమ్మా?"
"మంచిదే. ఒకసారి పట్టుకున్నది వదిలిపెట్టదు, అంతే."
"అదా," అంది ఆమె, మొదటిసారి నవ్వి,
"నేనేదో అన్నానని పెళ్ళైన కొత్తలో,
ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది."

కొత్త అట్ట రాసిచ్చాను. తెలుగులో, అరవంలో, ఇంగ్లీషులో.
పాతదీ పారెయ్యొద్దన్నాను.
ఇచ్చేముందు దాని మీద
జాగ్రత్త కింద
మూడో గీత గీశాను.