చెక్కుబంది

మా వైపు జాగాని గజాల్లో చెప్తే ఎవరికీ ఎక్కదు.
అంకణం అనాలి. ఆరడుగులు పొడుగు, ఆరడుగులు వెడల్పు.
మనిషి కాళ్లు చాపుకుని పడుకుంటే
పక్కన చంటిపిల్లకి కూడా చోటుండేంత.

ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తన్నాను,
ఇందుకూరుపేట రిజిస్ట్రారాఫీసు ఎదురుగా,
జెరాక్సు కొట్టుకీ టీ బంకుకీ నడాన.
నేనుండేది నాలుగంకణాల బాడుగ పోర్షను.
ఓనరు మొన్న ఇంకో వెయ్యి పెంచాడు.

మొదట్లో హద్దులు రాయడం ఇంపుగా ఉండేది.
తూర్పు: ఉప్పుకాలవ.
దక్షిణం: గూడలి వెంగయ్య మొలగొలుకుల మడి.
పడమర: ఈతచెట్ల డొంక.
ఉత్తరం: ఇసక దిబ్బ, దానిమీద ఎవరిదీ కాని తాటిచెట్టు.
"ఎవరిదీ కానిదని దస్తావేజులో రాయకూడదబ్బయా"
అని మా గురువు మస్తానయ్య ఆ మాట కొట్టేశాడు.
ఆ ఎర్రసిరా గీత నాకింకా కనపడతా ఉంటది.

ఇప్పుడు నాలుగు దిక్కులా అంకెలే.
తూర్పు పదిహేడో ప్లాటు, పడమర పంతొమ్మిది,
ఉత్తరం ముప్పై మూడడుగుల రోడ్డు,
దక్షిణం కామన్ ఏరియా.
అంటే ఎవరిది అని అడిగితే
కంప్యూటర్ పిల్లోడు నవ్వాడు.

ముప్పై కౌంటు రొయ్య రేటు పెరిగిన వారం
అంకణం రేటు పెరుగుద్ది.
వైరస్ తగిలి తెల్లారేసరికి
చెరువు చెరువంతా తేలిపోయిన వారం
తగ్గదు.
నా బతుక్కి నేను కనిపెట్టిన లెక్క ఇదొక్కటే.

మైపాడు దారిలో మునిశేఖర్ విల్లా కట్టాడు.
నేనే రాశాను, నూట పన్నెండు అంకణాలు.
సముద్రం కనపడాలని పడగ్గదికి
గోడ తీసేసి అద్దం పెట్టించాడు.
ఉప్పుగాలికి ఏసీ డబ్బాలు మూడేళ్లకే పొట్టు రాలినాయి.
గేటు సింహాల మూతుల కింద ఎర్రటి చార.
బోరు నీళ్లకి సబ్బు నురగ కట్టదు,
క్యానులు నెల్లూరు నించి రావాల.
ఆయనా నెల్లూరు నించే వస్తాడు,
రెండు నెలలకోసారి, ఒక పూట.
సిగ్నలు వెతుక్కుంటా మేడంతా తిరిగి
చేపల పులుసు తిని పోతాడు.

ఆ ఇంట్లో ఉండేది యాకసిరి బుజ్జమ్మ.
మెట్ల కింద, రెండంకణాలు, బాడుగ లేదు.
పుట్టింది ఆ దిబ్బ మీదే,
మస్తానయ్య కొట్టేసిన తాటిచెట్టుకి
పది బారల దూరంలో.
అద్దం తుడిచేది ఆమే.
"సముద్రం ఊరికే మాసిపోద్ది సార్" అంటది.

పోయిన ఎండాకాలం నా బల్ల దగ్గరికొచ్చింది,
కొంగుముడిలో ఆధార్ కార్డు.
"నా జాగాకి కూడా ఒక కాయితం రాయి సార్."
సర్వే నంబరు?
"తెలవదు."
హద్దులన్నా చెప్పు.
"తూర్పున మా అత్త వలలారేసే కొయ్యలు. ఇప్పుడు లేవు.
పడమట మా నాయన్ని పూడ్చిన చోటు,
అక్కడే స్విమ్మింగ్ పూలు.
ఉత్తరాన చెలమ. తియ్యనీళ్లు సార్, బెల్లం."
అదన్నా ఉందా?
"ఎందుకు లేదు, దానిమీదే గదా జనరేటరు పెట్టింది.
దక్షిణం మెట్లు రాయి."

రాశాను. తెల్ల కాయితం మీద, నా మంచి రాతలో.
చెల్లదని చెప్పాను.
"చెల్లకపోతే ఎంత, చెల్లితే ఎంత సార్?" అని
బేరం చేసి ఇరవై తగ్గించింది.

మొన్న మునిశేఖర్ విల్లా బేరం పెట్టాడు.
కొనేవాళ్లకి చూపించడానికి నేనూ పోయాను.
మిట్టమధ్యాన్నం. ఆ పూట క్యాను బండి రాలేదు.
వాస్తు చూసుకుంటా చూసుకుంటా
కొనేపెద్దమనిషి మెట్ల కింద వంగాడు.
పొయ్యి పైన, అన్నంమెతుకులతో అంటించి, నా కాయితం.
వేలు పెట్టి చదివాడు,
ఉత్తరం: తియ్యనీళ్ల చెలమ.

పెదాలు తడుపుకుని
"ఎక్కడమ్మా ఇది?" అన్నాడు.

బుజ్జమ్మ అద్దం తుడిచే గుడ్డ పట్టుకునే
జనరేటరు వైపు చెయ్యి చాపింది.