తల కొంచెం పైకెత్తండి

నెలకు వారం రోజులు
మా పోస్టాఫీసు,
అంటే పంక్చర్ షాపు పక్కన రేకుల గది,
ముఖాలు పట్టే దుకాణం.

వేలిముద్రల కాలం పోయింది.
పత్తి ఏరిన వేళ్లకు గీతలుండవని
పైవాళ్లకు ఎరుకయ్యేసరికి ఏండ్లు పట్టింది.
ముఖం చాలన్నరిప్పుడు.
ముఖం అరగదు కదా, అన్నరు.

ఫోన్ తెర మీద గుండ్రటి గీత.
అండ్ల ముఖం కూసోవాలె.
కండ్లార్పాలె, బతికున్నట్టు.

బుగ్గయ్య వంతొచ్చింది.
నడుము కొడవలి. మెడ
తాళంచెవి పోయిన తలుపు.
ఆయన చూసేది నేలనే.
చండూరు బాటల ఎవరి చెప్పు తెగిందో
ఎవరి కాలికి కొత్త మెట్టెలొచ్చినయో
ఆయన్నడగాలె.
నన్నూ అడుగుల చప్పుడుతోనే గుర్తుపడతడు.

"తల కొంచెం పైకెత్తండి"
అన్నది ఫోన్. ఆడగొంతు, పట్నం మర్యాద.
బుగ్గయ్య నవ్విండు.
"ఎవరి బిడ్డనో పాపం,
మన నీళ్లు తాగినట్టు లేదు."

ఆ నీళ్లు కూడ మిషనే తెచ్చింది.
కరువేడు, లారీ మీదొచ్చిన బోరుబండి.
అరచేతిల కొబ్బరికాయ నిలబెట్టి
ఇగో ఇక్కడ, అని జాగ చూపింది మా నాయిన.
రెండొందల అడుగుల కింద రాయి పగిలి
తెల్లటి దుమ్ము వెనక గంగ లేస్తే
ఊరంత డప్పు.
మొదటి చెంబు తాగింది బుగ్గయ్యే,
ఆకాశం దిక్కు తలెత్తి, గటగటా.

తర్వాతెప్పుడో సీసాలోళ్లొచ్చిండ్రు.
చుక్క మందేస్తే గులాబిరంగు పసుపైంది.
రాసుకున్నరు.
పంపుకు ఎర్రరంగు పూసి పోయిండ్రు.
రంగు ఆరకముందే బిందెలు వరుసకట్టినయ్,
ఇంకేడికి పోతరు?
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయ్.
మంచిగనే ఉన్నయ్, అబద్ధమెందుకు.
ఎముకలకే ఆ కబురు అందలే.

"ముఖం కనబడలేదు."
"ముఖం కనబడలేదు."
మూడోసారి వినబుద్ధి కాలే.
బండల మీద వెల్లకిల పండుకున్న,
ఫోను రొమ్ము మీద నిలబెట్టి.
రేకుల సందు నుంచి ఎండ కొడితే
ఆయన ముఖం బొగ్గయింది తెరల.
వరుసలున్న ఈదమ్మ కొంగు విప్పి
ఆయన తల వెనక గుడారం పట్టింది.
"కండ్లార్పండి."
ఆర్పిండు.
పచ్చటి టిక్కు.

నేను లేవబోతుంటే
ఇంకా అట్లనే వంగి చూస్తున్నడు.
"ఇయ్యాలనే చూసిన బిడ్డా నీ ముఖం.
అచ్చం మీ నాయినే."

రెండువేల పదహారు లెక్కబెట్టి చేతిల పెట్టిన.
వీపుకంటిన దుమ్ము
ఎవరూ దులపలే, నేనూ దులుపుకోలే.
బయట ఇంకా పదకొండు మంది.