నిమిషానికి నూట ఇరవై

వేపేరిలో మెట్లకింద గది.
పధ్నాలుగు బల్లలు, ఒక గ్రామఫోను,
తలనూనె కంపెనీవాళ్ల పాత క్యాలెండరు.
ఆల్ఫ్రెడ్ డిక్రూజ్ మాస్టరు
మౌంటు రోడ్డు లైబ్రరీనించి
అమెరికా అధ్యక్షుల్ని సంచిలో తెచ్చేవాడు,
వానకి తడవకుండా తువ్వాలు చుట్టి,
కోడిగుడ్లు తెచ్చినట్టు.

మాకు వాళ్ల పేర్లతో పనిలేదు.
వేగమే గుర్తు.
నిమిషానికి నూరు మాటలు: చక్రాల కుర్చీ ఆయన.
మన పొయ్యి దగ్గరే పీట వాల్చుకుని
పప్పు ఉడికేదాకా కబుర్లాడినట్టుండేది,
బ్యాంకులు మూతపడ్డ కబురైనా సరే.
నూట ఇరవై: పడుచు గొంతు ఆయన.
వాక్యాన్ని దోసెలా తిరగేసి
రెండోవైపూ కాల్చి పెట్టేవాడు.
పెన్సిలు ముక్కు విరిగేది.
అలమేలుమంగ ఏడ్చేది.

గడ్డపాయనకి రికార్డు లేదు.
ఆయన రోజుల్లో గొంతులు దాచే యంత్రం ఎక్కడిది?
మాస్టరే చదివేవాడు, ఎడంచేత జేబు గడియారం పట్టుకుని.
సైనికుల్ని పూడ్చిన నేలమీద
ఒక పెద్దమనిషి రెండు గంటలు మాట్లాడాక లేచి,
రెండు మూడు నిమిషాల్లో కూర్చున్నాడట.
నా పుస్తకంలో పేజీన్నర.
"అయిపోయిందా సార్?"
"అయిపోలేదమ్మా. ఆపాడు."

షార్ట్‌హ్యాండులో అచ్చులు మింగేస్తాం.
ఊపిరి తీసుకోవడానికి గుర్తు లేదు.
యుద్ధమన్నా శాంతన్నా పెన్సిలుకి ఒకటే బరువు.
ఇంగ్లీషువాడికి మేమూ మనమూ ఒకటే మాట,
మాకు గోరంత వంపు గీత.

ఇంటికొచ్చి తెలుగులో చెప్పబోయి
అక్కడే చిక్కుకునేదాన్ని.
"మనం చంద్రుడిమీదికి పోతాం అన్నాడమ్మా."
"మనమా?"
బియ్యంలో రాళ్లేరుతున్న అమ్మ చెయ్యి ఆగింది.
"మేము అనుంటాడు. సరిగ్గా విన్నావా?"

తర్వాత కార్పొరేషనులో ఉద్యోగం.
రిప్పన్ బిల్డింగు, రెండో అంతస్తు, పావురాల కంపు.
ఆ ఏడు ఐప్పసి వానల్లో చెత్త ఎత్తేవాళ్లు పని ఆపేశారు.
పదకొండు రోజులు.
గేటు బయట నినాదాలు నెల్లూరు తెలుగులో,
లోపల ఆఫీసరుకి ఇంగ్లీషులో కావాలి, పొల్లుపోకుండా.
గొడుగిచ్చి నన్ను పంపారు.

చెంచమ్మ తిరగేసిన బండెక్కింది.
మైకు లేదు. చేతిలో కాగితం లేదు.
"మేము చేతులకి తొడుగులడిగాం. మూడేళ్లయింది.
మేము మురుగులో దిగినాం. ముగ్గురు పైకి రాలేదు.
పేర్లు చెప్తా వినండి.
పెంచలయ్య."
ఆగింది. అవతల ట్రాము పట్టాల గుర్తుమీద
బస్సొకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.
"రాగయ్య."
మళ్లీ ఆగింది.
"చిన్నోడు, సుబ్బరాయుడు. వాడికింకా మీసం రాలా."
ఈసారి ఎంతసేపు ఆగిందో
నా పెన్సిలుకి తెలీలేదు.
గొడుగు పక్కకి వాలి పేజీ తడిసింది.

అప్పుడు నావైపు తిరిగింది.
"రాసుకో తల్లీ. మేము ఎత్తకపోతే
మనం అందరం దీంట్లోనే పడుకోవాల."
దిగిపోయింది.
గడియారం చూశాను. మూడు నిమిషాలు కాలేదు.
చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి,
ఎవరు ముందు కొట్టాలో తెలీనట్టు.

టైపు మిషను
ఆమె మేముకీ మనానికీ
అవే రెండక్షరాలు కొట్టింది.
ఆఫీసరు చదివి కళ్లజోడు తీశాడు.
"చివర్లో బెదిరిస్తోందా, బతిమాలుతోందా?"
రెండూ కాదని చెప్పడానికి
నూట ఇరవై వేగంలో ఒక్క ఇంగ్లీషు మాటా తట్టలేదు.

నెలకి తొడుగులొచ్చాయి.
అన్నీ మగవాళ్ల సైజు.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది.
ప్రతి పేరు తర్వాతా ఒక వరస ఖాళీగా వదిలాను,
మాస్టరు నేర్పని గుర్తు అది, నేనే పెట్టుకున్నాను.
టైపు కాగితంలోనూ అలాగే వదిలితే
సూపరింటెండెంటు మళ్లీ కొట్టించాడు,
దగ్గర దగ్గరగా,
కాగితం దండగ అని.