తిప్పక్క నోటితో

అరవై తొమ్మిదేళ్లు వచ్చినంక
మాట్లాడేది నేర్సుకో రమ్మని
నన్ను బడికి పిలిచినారు.

శుక్రవారం సాయంత్రం, మూడో తరగతి గది.
పిల్లోళ్ల బెంచీల్లో మోకాళ్లు దూరవు.
గుణింతాల పటం కింద
నేను, సుంకన్న, మాబున్ని, తిప్పక్క.
ఒకే బోరుకి నాలుగు పైపులు,
పదకొండేళ్లుగా మొగాలు తిప్పుకున్న పైపులు.

చెప్పేది హేమావతి.
డిగ్రీ సదివిన పిల్ల.
స్కూటీకి స్టాండు సరిగ్గా ఎయ్యడం రాదు,
మాకు రాజీ నేర్పిస్తాదంట.

"తాతా, నీకేం కావల్ల?"
"నీళ్లు."
"ఎందుకు?"
వజ్రకరూరు పక్కన పుట్టి
నీళ్లెందుకని అడిగే మనిషిని
నేనింతవరకు చూడల్యా.
"నీళ్లు అందరికీ కావల్ల తాతా.
ఎందుకో, ఎప్పుడో, అది చెప్పు."

మాబున్ని టమోటాకి ఎండ ముదరక ముందే తడి కావల్లంట.
సుంకన్నకి చీకటి పడితే కండ్లు ఆనవంట,
రాత్రి కరెంటు వాని పాలికి రానట్లే.
ఇన్నేళ్లూ వాడు రాత్రి వంతు వద్దంటే
పొగరనుకుంటి.
తిప్పక్క ఏమీ అనలా.
వక్క కొరుకుతా కూచునింది.

తొలకరికి ఎర్ర చేలల్లో వంగి వంగి
మేమే ఏరుకున్న రాళ్లు,
వజ్రాలు కాదని షావుకారి ఇసిరేసిన రాళ్లు,
పాలడబ్బాలో పోసుకొచ్చింది హేమావతి.
"ఒక రాయి ఒక గంట కరెంటు.
ఏడుండాయి. పంచుకోండి."
వాళ్లు చెయ్యి చాపేలోగా
నా గుప్పిట్లో మూడు.
అలవాటు.

"సరే తాతా, ఇప్పుడు నువ్వు తిప్పక్కవి.
తిప్పక్కకి ఎందుకు కోపమో
తిప్పక్క మాదిరే చెప్పు."

అందరూ నవ్విరి. నేనూ నవ్వి,
మీసం తుడుచుకోని, గొంతు సన్నం చేసి:
"నా పేరు తిప్పక్క. నాకు నోరెక్కువ.
నాది ఎకరా చెనిక్కాయ.
ఊడలు దిగే కాలానికి తడి లేకపాయె.
రాత్రి టార్చిలైటు పట్టుకోని పోతి,
పోయి చూస్తే నా పైపులో
ఎవడో బిరడా దిగ్గొట్టి..."

అక్కడ ఆగిపోతి.

ఒండు పట్టిందని, పైపు పాతదని
ఊరంతా అనుకున్న మాట అది.
బిరడా అని
గోనెగుడ్డ చుట్టి కొట్టినోనికి తప్ప
ఎవరికి తెలుస్తాది?

ఫ్యాను తిరుగుతా ఉంది.
హేమావతి పుస్తకం తిరగేసింది.
ఇట్లైతే ఏం చెయ్యల్లో
దాంట్లో ఉన్నట్టు లేదు.

తిప్పక్క బయటికి పోయి వక్క ఊసొచ్చి
నా ఎదురుగ్గా కూచునింది.
"ఇప్పుడు నేను ఎర్రిసామిని" అనింది.
గొంతు మార్చలా, మీసం తిప్పలా.
"ఆ ఏడు నా కొడుకు అనంతపురం ఆస్పత్రిలో.
పంట పోతే బిల్లు కట్టేదెట్ల అని
కంటికి కునుకు ల్యాక, నడిరాత్రి లేచి,
బిరడా కొట్టొస్తి."

తెలుసు.
పదకొండేళ్లూ తెలుసు.

"అడిగింటే ఇచ్చేదాన్ని."
ఈ ఒక్క మాట మాత్రం
తిప్పక్కగానే అనింది.

ఆ పొద్దు ఏమీ తెగలా.
రాళ్లన్నీ డబ్బాలో పోసేసి లేస్తిమి.
బయట స్కూటీ పక్కకి పడింటే
ఎత్తి, స్టాండు ఎట్లెయ్యల్లో
ఆ పిల్లకి చూపిస్తి.
ఏదో ఒకటి చెయ్యల్ల గదా చేతులతో.

పై శుక్రవారం సుంకన్న అలిగి పాయె.
ఆ పై వారం వచ్చె.
మాబున్నికి తెల్లారి రెండు,
సుంకన్నకి పగలు ఒకటి, చాలన్నాడు.
తిప్పక్కకి రెండు;
ఊడలు దిగే ఇరవై రోజులు మాత్రం
నా వంతు కూడా ఆమెదే.
ఇది నేనే అంటి. ఎవరూ అడగలా.
నాకు ఒకటి.

ఏడో రాయి స్టార్టరు పెట్టె మీద పెడితిమి.
ఎవరికి అక్కరపడితే వాళ్లది,
కాకపోతే తక్కిన ముగ్గురినీ
అడిగి తీసుకోవల్ల.

మొన్న ఎండకి నా మడి నెర్రెలిచ్చింది.
పొద్దున్నే పోయి
ఆ రాయి వైపు చూసుకుంటా నిలబడితి.
తిప్పక్క గట్టు మీదే ఉంది.
నోరు తెరిస్తి.
ఎండలు మండిపోతాండాయి గదా, అని
వచ్చేస్తి.

రేపు శుక్రవారం.